పాత డీటీపీ ఫైళ్ల కోసం విండోస్ 98: వర్చువల్ మెషీన్‌లో పార్టిషన్లు ఎలా చేసుకోవాలి

గుంటూరు అరండల్‌పేటలో మా బాబాయి పాతికేళ్ల కిందట డీటీపీ షాపు నడిపేవారు. మూడు సిస్టమ్‌లు, ఒక లేజర్ ప్రింటరు, పెళ్లిళ్ల సీజన్‌లో తెల్లవార్లూ వెలిగే ట్యూబ్‌లైట్లు. శుభలేఖలు, మిర్చి యార్డు కమీషన్ కొట్లకు బిల్లు పుస్తకాలు, ఎన్నికలొస్తే కరపత్రాలు, ఏడాదికి ఒకటో రెండో పద్యాల పుస్తకాలు, అన్నీ పేజ్‌మేకర్ అనే ప్రోగ్రాంలోనే కూర్చేవారు. షాపు ఎత్తేశాక ఒక హార్డ్ డిస్కును పాత కండువాలో చుట్టి బీరువాలో పెట్టారు. ఆమధ్య రిటైరైన తెలుగు మాస్టారు ఒకాయన ఇంటికొచ్చి, "నా శతకం మీ దగ్గరే కంపోజ్ చేయించాను గదా, ఆ ఫైలేమన్నా ఉందా నాయనా? మళ్లీ అచ్చేయిద్దామని" అని అడిగారు. ఆయన దగ్గర మిగిలింది చెదలు తిన్న ఒక్క ప్రతి.

ఫైలు ఉంది. తెరవడమే కష్టం. ఆ రోజుల్లో డీటీపీ తెలుగు ఫాంట్లు యూనికోడ్‌వి కావు. ఫైలు లోపల ఉన్నవి నిజానికి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలు, ఫాంటు వాటికి తెలుగు రూపం తొడుగుతుంది. ఆ ఫాంటు, ఆ పేజ్‌మేకర్, ఆ విండోస్ మూడూ ఒకచోట చేరితే తప్ప పద్యం పద్యంలా కనిపించదు. అందుకే ఇవాళ్టి కంప్యూటర్ లోపల వర్చువల్ మెషీన్, అంటే సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఉత్తుత్తి కంప్యూటర్ ఒకటి చేసి, అందులో విండోస్ 98 నిలబెట్టుకోవడం తిన్నని దారి. విజయవాడ, గుంటూరుల్లో ఇలాంటి డిస్కులు బీరువాల్లో ఎన్ని పడి ఉన్నాయో నాకు తెలియనిది కాదు. మీ ఇంట్లోనూ ఒకటి ఉంటే ఇది మీ కోసమే.

విండోస్ ఇన్‌స్టాల్ చేయడం గురించి సమాచారం ఎక్కడైనా దొరుకుతుంది. జనం తడబడేది అంతకు ముందు, డిస్కును ముక్కలు, అంటే పార్టిషన్లు, చేసే దగ్గర. అక్కడ చేసిన తప్పు వెంటనే బయటపడదు. వారం తర్వాత, ఫైళ్లన్నీ ఎక్కించాక, "బొమ్మ దొరకలేదు" అని పేజ్‌మేకర్ అడగడం మొదలుపెట్టినప్పుడు తెలుస్తుంది. కాబట్టి నేను పార్టిషన్ల దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

ముందు పాత డిస్కును కాపీ తీసుకోండి

పాత ఐడీఈ డిస్కును యూఎస్‌బీకి కలిపే అడాప్టర్లు దొరుకుతాయి. డెస్క్‌టాప్ డిస్కు అయితే నాలుగు పిన్నుల పవర్ ప్లగ్గు కూడా ఉన్న అడాప్టరే తీసుకోండి, యూఎస్‌బీ కరెంటు ఒక్కటే దానికి చాలదు. డిస్కు వెనక చిన్న జంపర్ ఉంటుంది, అది మాస్టర్ స్థానంలో ఉందో లేదో చూసుకోండి. స్లేవ్‌లో ఉంటే చాలా అడాప్టర్లు డిస్కును గుర్తుపట్టవు.

తగిలించగానే విండోస్ "ఈ డిస్కును ఫార్మాట్ చేయాలి, చేయమంటారా" అని అడగవచ్చు. ఒప్పుకోకండి. క్యాన్సిల్ కొట్టండి. వీలైతే లినక్స్‌లో బూట్ చేసి డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాంతో డిస్కు మొత్తాన్ని ఒకే ఇమేజ్ ఫైలుగా దించుకోండి. దానికి మూడు పేర్లు ఇవ్వాలి: డిస్కు పేరు, ఇమేజ్ ఫైలు పేరు, మ్యాప్ ఫైలు పేరు. మ్యాప్ ఫైలు ఉంటే మధ్యలో కరెంటు పోయినా ఆగిన చోటు నుంచే మళ్లీ మొదలవుతుంది. చెడిన సెక్టార్లను మొదట వదిలేసి, బాగున్నదంతా తీసుకుని, తర్వాత వాటి జోలికి వెళ్తుంది. ముసలి డిస్కుకు అదే మర్యాద.

మా డిస్కు 4.3 జీబీది. తిరగడం మొదలుపెట్టగానే టక్, టక్ అని రెండుసార్లు చప్పుడు చేసి, ఆ తర్వాత సన్నగా ఈల వేసినట్టు నడిచింది. ఇమేజ్ పూర్తయ్యేదాకా నేను దాని పక్క నుంచి కదల్లేదు. ఇమేజ్ చేతికొచ్చాక ఆ డిస్కును మళ్లీ కండువాలోనే చుట్టి పెట్టేశాం. ఇకపైన పనంతా ఇమేజ్ మీదే. దాన్ని 7-జిప్‌తో తెరిస్తే లోపలి పార్టిషన్లు వరుసగా కనిపిస్తాయి, ఫైళ్లు బయటికి లాగుకోవచ్చు.

ఆ ఇమేజ్‌నే నేరుగా వర్చువల్ మెషీన్‌లో బూట్ చేయొచ్చు కదా అంటారేమో. చేయొచ్చు. కానీ పాత విండోస్‌కు చుట్టూ ఉన్న హార్డ్‌వేరంతా ఒక్కసారిగా మారిపోతుంది, డ్రైవర్ల గొడవ మొదలవుతుంది. కొత్తగా విండోస్ వేసి ఫైళ్లు తెచ్చుకోవడమే నయమని నా అనుభవం.

కాగితం మీద డ్రైవ్ అక్షరాలు రాసుకోండి

మౌస్ పట్టుకోక ముందే ఈ పని చేయాలి. పాత సిస్టమ్‌లో ఏ డ్రైవులో ఏముండేదో వాడినవాళ్లనే అడగండి. మా బాబాయిని అడిగితే క్షణం ఆలోచించకుండా చెప్పారు: "సి లో విండోస్‌రా అబ్బాయ్. డి లో పనులు, ఒక్కో పార్టీకి ఒక్కో ఫోల్డర్. ఇ లో బొమ్మలు, వినాయకుళ్లు, బోర్డర్లు, అన్నీ."

ఇది ఎందుకు ముఖ్యమంటే, పేజ్‌మేకర్ పెద్ద బొమ్మలను తన ఫైలు లోపల పెట్టుకోకుండా అవి ఎక్కడున్నాయో చిరునామా మాత్రం రాసుకునే వీలుంది, షాపుల్లో చాలామంది అలాగే వాడారు. ఇ డ్రైవులో ఫలానా ఫోల్డర్‌లో ఫలానా బొమ్మ అని ఫైల్లో రాసి ఉంటుంది. మీరు కట్టే కొత్త ఇంట్లో కూడా ఆ బొమ్మ అదే చిరునామాలో ఉంటే ఫైలు నిశ్శబ్దంగా తెరుచుకుంటుంది. అక్షరం మారితే ప్రతి బొమ్మకూ ఒక ప్రశ్న.

అక్షరాలు ఎలా పంచుతారో తెలిస్తే మిగతా పనంతా తేలిక

డాస్ (విండోస్‌కు ముందటి, కమాండ్లు టైప్ చేసి నడిపే సిస్టమ్), విండోస్ 98 డ్రైవ్ అక్షరాలు పంచే పద్ధతి పెళ్లి భోజనాల బంతుల్లాంటిది. మొదటి బంతిలో ప్రతి డిస్కు తరఫున ఒక్క ప్రైమరీ (డిస్కు మీద నేరుగా చేసిన) పార్టిషన్ కూర్చుంటుంది: మొదటి డిస్కు ప్రైమరీకి సి, రెండో డిస్కుకు ప్రైమరీ ఉంటే దానికి డి. ఆ తర్వాతే రెండో బంతి. అందులో మొదటి డిస్కు ఎక్స్‌టెండెడ్ పార్టిషన్‌లో (లోపల మళ్లీ ముక్కలు చేసుకునే పెద్ద ముక్క) ఉన్న లాజికల్ డ్రైవులు, వాటి వెనక రెండో డిస్కు లాజికల్ డ్రైవులు కూర్చుంటాయి. సీడీ డ్రైవు వీటన్నిటి తర్వాత.

ఈ వరుస తెలియకే నేను దెబ్బతిన్నాను. మొదటిసారి ఒకే వర్చువల్ డిస్కు చేసి, సి ప్రైమరీగా, డి, ఇ లాజికల్‌గా పెట్టాను. అంతా బాగా నడిచింది. కొన్నాళ్లకు చోటు చాలక రెండో డిస్కు ఒకటి తగిలించి, దానిలో ఒక ప్రైమరీ పార్టిషన్ చేశాను. కొత్తగా వచ్చింది కాబట్టి చివరి అక్షరం, అంటే ఎఫ్, దానిదే అనుకుని ఎఫ్‌ను ఫార్మాట్ చేశాను. కానీ కొత్త డిస్కు ప్రైమరీ మొదటి బంతిలోనే కూర్చుని డి అయింది. పాత డి జరిగి ఇ అయింది. పాత ఇ జరిగి ఎఫ్ అయింది. నేను ఫార్మాట్ చేసింది బొమ్మలున్న డ్రైవును. పాత డిస్కు ఇమేజ్ చేతిలో ఉంది కాబట్టి బతికిపోయాను. లేకపోతే ఆ వినాయకుళ్లూ బోర్డర్లూ పోయినట్టే.

అప్పటి నుంచి రెండు అలవాట్లు చేసుకున్నాను. ఒకటి, ప్రతి పార్టిషన్‌కూ పేరు పెట్టడం. రెండు, ఫార్మాట్ కొట్టే ముందు డాస్‌లో వాల్యూమ్ చూపించే కమాండ్ కొట్టి ఆ డ్రైవ్ పేరు చదవడం.

మనం చేయబోయే ఏర్పాటు

రెండు వర్చువల్ డిస్కులు పెట్టుకుందాం. మొదటిది 4 జీబీ, మొత్తం ఒకే ప్రైమరీ, అది సి. రెండోది కూడా 4 జీబీ, దానిలో 2,500 ఎంబీ ప్రైమరీ, అది డి. మిగిలింది ఎక్స్‌టెండెడ్, అందులో ఒక లాజికల్, అది ఇ. పైన చెప్పిన వరుసతో సరిచూసుకోండి: సి, డి, ఇ సరిగ్గా వాటి చోట్లో పడ్డాయి.

రెండు డిస్కులు ఎందుకంటే, విండోస్ పాడైతే సి డిస్కును తీసి పారేసి మళ్లీ చేసుకోవచ్చు. ఫైళ్ల డిస్కు చెక్కుచెదరదు.

ఇవాళ్టి కంప్యూటర్‌లో చోటు ఉంది కదా అని 200 జీబీ డిస్కు ఇవ్వకండి. విండోస్ 98 తనతో వచ్చిన డిస్కు డ్రైవరుతో 137 జీబీ దాటిన చోటును సరిగ్గా అందుకోలేదు, దాటి రాస్తే డేటా చెడుతుంది. దానితో వచ్చే, పార్టిషన్లు చేసే ప్రోగ్రాం ఎఫ్‌డిస్క్ 64 జీబీ దాటిన డిస్కుల సైజును తప్పుగా చూపిస్తుంది. చిన్న డిస్కులో ఇంకో లాభం ఉంది. డిస్కు మీద ఫైళ్లు అమర్చే పద్ధతి ఎఫ్ఏటీ32 అయితే, 8 జీబీ లోపు పార్టిషన్‌లో ఒక్కో క్లస్టర్, అంటే ఫైలుకు ఇచ్చే కనీస చోటు, 4 కేబీ. పాత ఎఫ్ఏటీ16లో 1 జీబీ నుంచి 2 జీబీ దాకా ఉన్న పార్టిషన్‌లో క్లస్టర్ 32 కేబీ. అంటే 2 కేబీ ఉన్న చిన్న ఫైలు కూడా అక్కడ 32 కేబీ తినేస్తుంది. అలాంటివి 10,000 ఉంటే ఎఫ్ఏటీ16లో 300 ఎంబీకి పైగా పోతుంది, ఎఫ్ఏటీ32లో 40 ఎంబీతో సరిపోతుంది. డీటీపీ షాపు డిస్కు నిండా చిన్న చిన్న ఫైళ్లే కాబట్టి ఈ తేడా మనకు తగులుతుంది.

వర్చువల్‌బాక్స్‌లో మెషీన్ తయారు చేయడం

వర్చువల్ మెషీన్లు నడిపే వర్చువల్‌బాక్స్ ప్రోగ్రాంలో కొత్త మెషీన్ చేసేటప్పుడు రకం దగ్గర విండోస్ 98 ఎంచుకోండి. మెమరీ 256 ఎంబీ ఇవ్వండి. ఎక్కువ ఇస్తే వేగం పెరుగుతుందని అనుకోవద్దు, 512 ఎంబీ దాటితే విండోస్ 98కు ఇబ్బందులు మొదలవుతాయి. ప్రాసెసర్ ఒక్కటే.

మొదటి డిస్కు (మీ కంప్యూటర్‌లో అదొక ఫైలు) వీడీఐ రకంలో, అవసరాన్ని బట్టి పెరిగేదిగా చేయండి. రెండో డిస్కును మాత్రం వీహెచ్‌డీ రకంలో, మొత్తం సైజు ముందే కేటాయించే పద్ధతిలో చేయండి. కారణం చెబుతాను. విండోస్ 98కు వర్చువల్‌బాక్స్ గెస్ట్ అడిషన్స్ (మెషీన్ లోపల వేసుకునే సహాయక డ్రైవర్లు) లేవు, కాబట్టి లోపలికీ బయటికీ ఉమ్మడిగా ఉండే షేర్డ్ ఫోల్డర్లు పనిచేయవు. ఫైళ్లు లోపలికి పంపడం ఎలా? వీహెచ్‌డీ అయితే మెషీన్ ఆపేశాక మీ విండోస్ 10 లేదా 11లోనే డిస్క్ మేనేజ్‌మెంట్‌కు వెళ్లి, యాక్షన్ మెనూలో అటాచ్ వీహెచ్‌డీ కొడితే ఆ డిస్కు మామూలు పెన్‌డ్రైవ్ లాగా తెరుచుకుంటుంది. లినక్స్ వాడేవాళ్లకు ఇంకా తేలిక: సైజు ముందే కేటాయించిన వీహెచ్‌డీ అంటే చివర 512 బైట్ల పట్టీ తగిలించిన ముడి డిస్కే, లూప్ పద్ధతిలో మౌంట్ చేసుకోవచ్చు.

స్టోరేజ్ సెట్టింగుల్లో ఐడీఈ కంట్రోలర్ ఒక్కటే ఉంచండి. సాటాకు తగిలిస్తే విండోస్ 98 చేతిలో దానికి డ్రైవర్ లేదు. మొదటి డిస్కు ప్రైమరీ డివైస్ 0, రెండో డిస్కు ప్రైమరీ డివైస్ 1, సీడీ సెకండరీ డివైస్ 0. ఈ వరుస తారుమారైతే అక్షరాలు కూడా తారుమారవుతాయి. ఫ్లాపీ కంట్రోలర్ లేకపోతే కలపండి. బూట్ వరుసలో ఫ్లాపీ, సీడీ, హార్డ్ డిస్కు.

ఇంకొక పని ఇప్పుడే చేయండి, తర్వాత మరిచిపోతారు. వర్చువల్ మీడియా మేనేజర్‌లో రెండో డిస్కు రకాన్ని రైట్‌త్రూగా మార్చండి. అలా మారిస్తే స్నాప్‌షాట్లు (మెషీన్ ఆ క్షణంలో ఎలా ఉందో దాచుకునేవి) ఆ డిస్కును ముట్టుకోవు. మామూలు రకంగా వదిలేసి స్నాప్‌షాట్ తీస్తే, ఆ తర్వాత రాసినవన్నీ వేరే ఫైల్లోకి పోతాయి. అప్పుడు మీరు బయటి నుంచి అసలు వీహెచ్‌డీని తెరిచి ఫైళ్లు మారిస్తే రెండిటికీ పొంతన చెడి డిస్కు పాడవుతుంది.

విండోస్ 98 సెకండ్ ఎడిషన్ సీడీ మీ దగ్గరున్నదాన్నే ఐఎస్ఓ ఫైలుగా (సీడీ మొత్తం ఒకే ఫైలుగా) చేసుకోండి. కొన్ని సీడీలు నేరుగా బూట్ అవుతాయి, కొన్ని కావు. కానివాటికి విండోస్ 98 స్టార్టప్ ఫ్లాపీ ఇమేజ్ కావాలి. రెండు దారుల్లోనూ మీరు చేరేది ఒకే చోటికి: నల్లటి తెర మీద ఇంగ్లీషు ఏ అక్షరం, కోలన్, వాటి పక్కన మెరిసే కర్సర్. మెనూ అడిగితే సీడీ సపోర్ట్ ఉన్న వరుస ఎంచుకోండి.

ఎఫ్‌డిస్క్‌తో ముక్కలు చేయడం

ఎఫ్‌డిస్క్ అని టైప్ చేసి ఎంటర్ కొట్టండి. మొదటి తెర నిండా ఇంగ్లీషు పేరాలు వస్తాయి, అడుగున ఒక ప్రశ్న: పెద్ద డిస్కుల సపోర్ట్ కావాలా అని. వై కొట్టండి. ఎన్ కొడితే అన్నీ ఎఫ్ఏటీ16గా తయారవుతాయి, 2 జీబీ మించి ఒక్క పార్టిషన్ కూడా చేయలేరు. వై కొట్టినా 512 ఎంబీ కన్నా చిన్న ముక్కలను అది ఎఫ్ఏటీ16గానే చేస్తుంది. మన ముక్కలు అంతకన్నా పెద్దవి కాబట్టి బెంగ లేదు.

ఇప్పుడు మెనూ వస్తుంది. 1 పార్టిషన్ చేయడానికి, 2 యాక్టివ్‌గా (బూట్ అయ్యేదిగా) పెట్టడానికి, 3 తీసేయడానికి, 4 ఉన్నవి చూడటానికి. రెండు డిస్కులు తగిలించాం కాబట్టి 5 కూడా ఉంటుంది, డిస్కు మార్చడానికి. 5 కనిపించకపోతే రెండో డిస్కు సరిగ్గా తగల్లేదని అర్థం. అక్కడే ఆగి సెట్టింగులు చూడండి.

మెనూ పైన ప్రస్తుత డిస్కు నంబరు కనిపిస్తుంది. అది 1 అని చూసుకున్నాక 1 కొట్టి, మళ్లీ 1 కొట్టండి, ప్రైమరీ అని. డిస్కును పరీక్షిస్తూ శాతాలు నడుస్తాయి. ఆ తర్వాత, ఉన్న చోటంతా వాడి యాక్టివ్‌గా కూడా పెట్టమంటారా అని అడుగుతుంది. వై. మొదటి డిస్కు పని అయిపోయింది. ఇక్కడ ఎన్ కొట్టి సైజు మీరే ఇస్తే మాత్రం యాక్టివ్‌గా పెట్టే పని మీదే, మెనూలో 2తో చేయాలి. అది మరిచిపోతే ఇన్‌స్టలేషన్ అంతా అయ్యాక కూడా హార్డ్ డిస్కు నుంచి బూట్ కాదు.

ఎస్కేప్ కొట్టి మెనూకు వచ్చి, 5 కొట్టి, 2 ఎంచుకోండి. మళ్లీ 1, మళ్లీ 1. ఈసారి మొత్తం చోటు వాడనా అంటే ఎన్ కొట్టండి. సైజు అడిగిన చోట 2500 అని కొట్టండి. ఇక్కడ చిన్న చిక్కు ఉంది: అంకె పక్కన శాతం గుర్తు పెడితేనే శాతం, లేకపోతే ఎంబీ. 60 శాతం అనుకుని ఉత్త 60 కొట్టిన వాళ్లకు 60 ఎంబీ ముక్క మిగులుతుంది. రెండో డిస్కులో యాక్టివ్ పెట్టాల్సిన అవసరం లేదు, ఎఫ్‌డిస్క్ పెట్టనివ్వదు కూడా.

తర్వాత ఎస్కేప్, 1, 2: ఎక్స్‌టెండెడ్ పార్టిషన్. మిగిలిన చోటంతా అదే చూపిస్తుంది, ఎంటర్ కొట్టండి. ఎస్కేప్ కొట్టగానే లాజికల్ డ్రైవు ఎంత కావాలని దానంతటదే అడుగుతుంది, అక్కడా ఎంటరే. ఎక్స్‌టెండెడ్ అంటే ఖాళీ గోడౌన్, లాజికల్ అంటే దాని లోపలి గది. గోడౌన్ కట్టి గది కట్టకపోతే అక్షరం రాదు. చాలామంది ఎస్కేప్ రెండుసార్లు గబగబా కొట్టి ఈ అడుగు దాటేస్తారు.

4 కొట్టి రెండు డిస్కులూ ఒకసారి చూసుకోండి. సైజులు మీరు ఇచ్చిన దానికి ఒకట్రెండు ఎంబీ అటూఇటూగా ఉంటాయి, డిస్కును సిలిండర్ల లెక్కలో కోస్తుంది కాబట్టి. తర్వాత బయటికొచ్చి మెషీన్‌ను రీస్టార్ట్ చేయండి. రీస్టార్ట్ చేయకుండా ఫార్మాట్‌కు దిగవద్దు, అప్పటిదాకా డాస్‌కు కొత్త పార్టిషన్ల సంగతి తెలియదు.

ఫార్మాట్

మళ్లీ ఫ్లాపీ నుంచి గానీ సీడీ నుంచి గానీ బూట్ చేసి, డీఐఆర్ కొట్టి సి డ్రైవు చూడబోతే "ఇన్‌వాలిడ్ మీడియా టైప్" అని వస్తుంది. అది చూసి టెన్షన్ పడకండి. పార్టిషన్ ఉంది, ఫార్మాట్ ఇంకా కాలేదు అని దాని భావం. నిజానికి అది శుభవార్త. ఇన్‌వాలిడ్ డ్రైవ్ అని వస్తేనే పార్టిషన్ తయారు కానట్టు.

ఫార్మాట్ అని టైప్ చేసి, స్పేస్ ఇచ్చి, సి అక్షరం, కోలన్. దాని వెనక స్పేస్ ఇచ్చి స్లాష్ ఎస్ కూడా కలిపితే డాస్ బూట్ ఫైళ్లు ఎక్కుతాయి; ఇన్‌స్టలేషన్ మధ్యలో ఆగినా హార్డ్ డిస్కు నుంచి లేవగలిగే వీలుంటుంది. డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుందని హెచ్చరిస్తుంది, వై కొట్టండి. చివర్లో లేబుల్ అడుగుతుంది, 11 అక్షరాలకు మించకుండా ఇంగ్లీషులో ఇవ్వండి. నేను సికి సిస్టమ్, డికి పనులు, ఇకి బొమ్మలు అని పెట్టాను. తర్వాత ఎప్పుడైనా ఎఫ్‌డిస్క్‌లో పార్టిషన్ తీసేయాలంటే అది ఈ లేబుల్‌ను అక్షరం పొల్లుపోకుండా టైప్ చేయమంటుంది, కాబట్టి కాగితం మీద కూడా రాయండి. డి, ఇ లకు స్లాష్ ఎస్ అక్కర్లేదు.

ఈ దశలో సీడీ ఏ అక్షరంలో ఉందో వెతుక్కోవాల్సి వస్తుంది. స్టార్టప్ ఫ్లాపీ మెమరీలో ఒక చిన్న ర్యామ్ డ్రైవు తయారు చేసుకుంటుంది, హార్డ్ డిస్కుల తర్వాతి అక్షరం దానిది. మనకు సి, డి, ఇ ఉన్నాయి కాబట్టి ర్యామ్ డ్రైవు ఎఫ్, సీడీ జి. విండోస్ వేశాక ర్యామ్ డ్రైవు ఉండదు, సీడీ ఎఫ్‌కు వస్తుంది. ఈ తేడా వల్లే తర్వాత విండోస్ డ్రైవర్ల కోసం జి లో వెతికి, సీడీ పెట్టమని పదేపదే విసిగిస్తుంది. తప్పించుకునే ఉపాయం: సి లో విన్98 అని ఫోల్డర్ చేసి, సీడీలోని అదే పేరు గల ఫోల్డర్‌లో ఉన్న ఫైళ్లన్నీ అందులోకి కాపీ చేసి, సెటప్‌ను అక్కడి నుంచే నడపండి. 200 ఎంబీ కన్నా తక్కువే పడుతుంది. ఇక జన్మలో సీడీ అడగదు.

సెటప్ మొదటి రీస్టార్ట్ తర్వాత ప్రొటెక్షన్ ఎర్రర్ వచ్చినా, ప్రోగ్రాములు కారణం లేకుండా కూలిపోతున్నా పార్టిషన్లను అనుమానించి మళ్లీ మొదటికి రాకండి. నేను ఒక సాయంత్రమంతా అలా పోగొట్టుకున్నాను. ఏఎండీ రైజెన్, 11వ తరం, ఆ తర్వాతి ఇంటెల్ ప్రాసెసర్ల మీద విండోస్ 98 మెమరీ చూసుకునే తీరులో ఉన్న పాత లోపం బయటపడుతుంది. ప్యాచర్9ఎక్స్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. దాని ఫ్లాపీ ఇమేజ్‌తో బూట్ చేసి విండోస్ ఫోల్డర్‌ను చూపిస్తే సరిచేస్తుంది.

విండోస్ లేచాక మై కంప్యూటర్ తెరిచి సి, డి, ఇ, ఎఫ్ వరుస, లేబుళ్లు మీ కాగితంతో సరిచూడండి. సరిపోతే మెషీన్ ఆపి, అప్పుడు స్నాప్‌షాట్ తీయండి.

మిర్చి యార్డు లెక్కల సంగతి

ఫాక్స్‌ప్రో అనే పాత డేటాబేస్ ప్రోగ్రాంలో నడిచిన కమీషన్ కొట్టు లెక్కల కోసం ఇదంతా చేస్తున్నవాళ్లు ఒక్క నిమిషం ఆగండి. లెక్కలు చూసుకోవడమే కావాలంటే ఆ డీబీఎఫ్ ఫైళ్లను లిబ్రెఆఫీస్ క్యాల్క్ నేరుగా తెరుస్తుంది, వర్చువల్ మెషీనే అక్కర్లేదు. అదే ప్రోగ్రాం, అదే పట్టీ, అదే తీరులో నడవాలంటే 1994లో వచ్చిన డాస్ 6.22 వేసుకోవచ్చు. దానికి ఎఫ్ఏటీ32 తెలియదు. ఒక్కో పార్టిషన్ 2 జీబీ లోపు, డిస్కు మొత్తం 8 జీబీ లోపు ఉంచండి. 500 ఎంబీ డిస్కు ఇచ్చినా ఆ లెక్కలకు ధారాళం. అక్షరాల బంతుల వరుస దానికీ ఇదే. పాత ప్రోగ్రాముల్లో డి డ్రైవు పేరు కోడ్‌లోనే రాసేసి ఉంటుంది కాబట్టి అక్కడ ఇంకా జాగ్రత్త. ప్రింటర్ పోర్టుకు డాంగిల్ (లైసెన్సు తాళంచెవి లాంటి చిన్న పరికరం) తగిలిస్తే తప్ప నడవని ప్రోగ్రాం అయితే మాత్రం దానికి వేరే దారి వెతకాలి, పార్టిషన్లు ఎంత బాగా చేసినా లాభం లేదు.

విండోస్ 2000, ఎక్స్‌పీ కావాల్సినవాళ్లకు ఎఫ్‌డిస్క్ అవసరమే లేదు. వాటి సెటప్ తెరలోనే పార్టిషన్లు చేసుకోవచ్చు.

ఫైళ్లు ఎక్కించడం

మెషీన్ పూర్తిగా ఆగిందని చూసుకోండి. స్టార్ట్ మెనూలో షట్‌డౌన్ కొట్టి, ఇక ఆపేయవచ్చు అని తెర మీద వచ్చేదాకా ఆగాలి, కిటికీ మూసేస్తే ఆగినట్టు కాదు. వీహెచ్‌డీని మీ కంప్యూటర్‌లో అటాచ్ చేయండి. రెండు డ్రైవులు కనిపిస్తాయి. అక్కడ వాటి అక్షరాలు వేరేగా ఉంటాయి, పట్టించుకోకండి, లేబుళ్లు చూడండి. పాత ఇమేజ్ నుంచి తీసిన డి ఫైళ్లు పనులు అనే దానిలోకి, ఇ ఫైళ్లు బొమ్మలు అనే దానిలోకి, ఫోల్డర్ పేర్లు ఒక్క అక్షరం కూడా మార్చకుండా కాపీ చేయండి. చక్కగా సర్దుదామని అనిపిస్తుంది. సర్దకండి. చిరునామాలు చెడతాయి. అయ్యాక డిటాచ్ చేసి, ఆ తర్వాతే మెషీన్ స్టార్ట్ చేయండి. రెండూ ఒకేసారి ఆ డిస్కును పట్టుకోకూడదు.

తర్వాత ఫాంట్లు, పేజ్‌మేకర్, ఒక పోస్ట్‌స్క్రిప్ట్ (పేజీని ప్రింటరుకు వివరించే భాష) ప్రింటర్ డ్రైవర్ వేసుకోండి. ప్రింటర్ పోర్టుగా ఫైల్ అని పెడితే పేజీలు పోస్ట్‌స్క్రిప్ట్ ఫైలుగా డి లోకి వస్తాయి, వాటిని బయటికి తెచ్చి ఘోస్ట్‌స్క్రిప్ట్ అనే ప్రోగ్రాంతో పీడీఎఫ్ చేసుకోవచ్చు.

మాస్టారి ఫైలు డి లో ఆయన ఇంటిపేరుతో ఉన్న ఫోల్డర్‌లో దొరికింది. డబుల్ క్లిక్ చేశాం. ఏ బొమ్మ గురించీ అడగలేదు. మొదటి పేజీలో సరస్వతీదేవి బొమ్మ, కింద శతకం పేరు, రెండో పేజీ నుంచి పద్యాలు. ఏడో పద్యం మూడో పాదంలో ఒక అచ్చుతప్పు ఉందని, అప్పట్లో దిద్దడం కుదరలేదని మాస్టారు వేలు పెట్టి చూపించారు. బాబాయి కుర్చీ ముందుకు లాక్కుని, కళ్లజోడు పెట్టుకుని, ఆ పాత కీబోర్డు లేఅవుట్‌లోనే ఆ అక్షరం దిద్దారు. సేవ్ చేసి, మెషీన్ ఆపి, వీహెచ్‌డీ ఫైలును ఒక ఎక్స్‌టర్నల్ డిస్కులోకి, ఇంకో కాపీ మా చెల్లెలి ల్యాప్‌టాప్‌లోకి వేశాను. మీరు కూడా కనీసం రెండు చోట్ల వేయండి, ఒకటి ఆ ఇంట్లో కాకుండా.